వైట్ రివర్‌లో స్ట్రీమర్లు, లూర్లతో ట్రౌట్ వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని బుల్ షోల్స్ డ్యామ్ కింద పారే వైట్ రివర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. స్ట్రీమర్లు, లూర్లు రెండూ చేపని మోసం చేసే కృత్రిమ ఎరలు. బెంటన్‌విల్‌లో ఉండే తెలుగువాళ్ళకి ఈ ఏరు కారులో రెండున్నర గంటల దూరం. డాలస్ నుంచైతే శుక్రవారం సాయంత్రం బయల్దేరి అర్ధరాత్రికి చేరేంత. పద్ధతులు మాత్రం ట్రౌట్ అనే ఈ చల్లనీళ్ళ చేప ఉన్న ఏ పెద్ద ఏటికైనా పనికొస్తాయి.

ఎండాకాలం మండిపోయే ఆర్కన్సాలో చల్లనీళ్ళ చేప ఎలా బతుకుతోంది?

డ్యామ్ వల్ల. 1951లో బుల్ షోల్స్ డ్యామ్ కట్టాక, జలాశయం అడుగునుంచి వదిలే నీళ్ళు ఏడాది పొడవునా 10 డిగ్రీల సెల్సియస్ అటూఇటూగా ఉంటున్నాయి. అంతకుముందు ఇక్కడ తిరిగిన వెచ్చనీళ్ళ చేపలకి ఆ చలి పడలేదు, ట్రౌట్‌కి సరిగ్గా సరిపోయింది. రెయిన్‌బో ట్రౌట్‌ని హేచరీల్లో పెంచి వదులుతారు. బ్రౌన్ ట్రౌట్ మాత్రం ఏటిలోనే గుడ్లు పెట్టి పెరుగుతోంది. స్ట్రీమర్ పట్టుకుని వచ్చేవాళ్ళంతా వచ్చేది ఈ బ్రౌన్ కోసమే. పక్కనే ఉన్న లిటిల్ రెడ్ రివర్‌లో 1992లో 40 పౌండ్ల 4 ఔన్సుల బ్రౌన్ పడి, చాలాకాలం ప్రపంచ రికార్డుగా నిలిచింది.

స్ట్రీమర్ అంటే ఏమిటి? మామూలు ఫ్లైకీ దీనికీ తేడా?

ఫ్లై అంటే హుక్‌కి ఈకలు, దారాలు కట్టి చేసిన ఎర. మామూలు ఫ్లై పురుగుని అనుకరిస్తుంది. దాన్ని ప్రవాహానికి వదిలేసి, లైన్ లాగకుండా చూసుకోవాలి. స్ట్రీమర్ చిన్న చేపనో, పీతరొయ్య లాంటి క్రాఫిష్‌నో అనుకరిస్తుంది. దానికి ప్రాణం పోసేది మీ చెయ్యి. ఈకలు, బొచ్చు, మెరుపు దారాలు హుక్‌కి కట్టి చేస్తారు, పొడవు 2 నుంచి 6 అంగుళాలు.

బ్రౌన్ ట్రౌట్ అడుగున్నర పొడవు దాటాక పురుగులు ఏరుకుని కడుపు నింపుకోవడం గిట్టుబాటు కాదు. చిన్న చేపలు, క్రాఫిష్‌లు, ఒక్కోసారి హేచరీ నుంచి అప్పుడే వదిలిన రెయిన్‌బో పిల్లల్ని కూడా తింటుంది. స్ట్రీమర్‌తో రోజంతా విసిరితే రెండు మూడు చేపలే పడొచ్చు, కానీ అవి పెద్దవి. లెక్క ఎక్కువ కావాలంటే ఇది మీ పద్ధతి కాదు.

ఏ రాడ్, ఏ లైన్ కొనాలి?

9 అడుగుల 7 వెయిట్ రాడ్ ఒక్కటి కొంటే చాలు. వెయిట్ అంటే రాడ్ ఎంత బరువు లైన్‌కి సరిపోతుందో చెప్పే నంబరు. 3 అంగుళాల లోపు ఫ్లైలకి 6 వెయిట్ సరిపోతుంది, 5 అంగుళాలు దాటినవాటికి 8 అయితే భుజం మిగులుతుంది. 5 వెయిట్‌తో మొదలుపెట్టినవాళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పట్టేసి వదిలేస్తారు.

డబ్బు పెట్టాల్సింది రాడ్ మీద కాదు, లైన్ మీద. రెండు లైన్లు కావాలి. ఒకటి మామూలు తేలే లైన్: మోకాలి లోతు నీళ్ళకి, బరువున్న ఫ్లైలకి. రెండోది ముందు భాగం మునిగే సింక్ టిప్ లైన్: 6 వెయిట్‌కి 200 గ్రెయిన్లు, 7కి 250, 8కి 300. గ్రెయిన్ అంటే బరువు కొలత, 250 గ్రెయిన్లు దాదాపు 16 గ్రాములు. డబ్బా మీద సెకనుకి ఎన్ని అంగుళాలు మునుగుతుందో రాసి ఉంటుంది. వైట్ రివర్ నిండుగా పారేటప్పుడు 6 అంగుళాలవి తీసుకోండి.

రీల్ గురించి పెద్దగా ఆలోచించకండి. చాలా చేపల్ని లైన్ చేత్తో లాగే ఒడ్డుకి తెస్తారు.

లీడర్ ఎంత పొడవు ఉండాలి?

లీడర్ అంటే లైన్ చివరికీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నని తంగుసు. తేలే లైన్‌కి 7న్నర నుంచి 9 అడుగులు. మునిగే లైన్‌కి 4 అడుగులే: 20 పౌండ్ల బరువు ఓర్చే తంగుసు 2 అడుగులు, దానికి 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ తంగుసు 2 అడుగులు. షాపులో దొరికే 9 అడుగుల లీడర్‌ని మునిగే లైన్‌కి కట్టడం కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు. లైన్ అడుగుకి పోతుంది, ఫ్లై మాత్రం పైన గాలిపటంలా తేలుతూ వస్తుంది, చేప ఉన్న లోతుకి చేరనే చేరదు. సన్నది కడితే చేపకి కనపడదని 4 పౌండ్ల తంగుసు కట్టకండి. లాగుతున్న ఫ్లైని పెద్ద బ్రౌన్ ఎదురొచ్చి కొడితే అది పుటుక్కున తెగుతుంది.

ఫ్లైని బిగించి కట్టకుండా చిన్న లూప్ వదిలే నాన్ స్లిప్ లూప్ ముడి వేయండి. ముడి బిగుసుకుంటే ఫ్లై కర్రపుల్లలా వస్తుంది, లూప్ ఉంటే తల ఆడిస్తుంది.

ఫ్లై సరైన లోతుకి వెళ్ళిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇది చదవండి. పట్టేవాడికీ పట్టనివాడికీ తేడా ఫ్లై పేరులో ఉండదు, లోతులో ఉంటుంది. లోతు తర్వాత వేగం, ఫ్లై మూడోది.

లెక్క చూడండి. నీళ్ళ లోతు 4 అడుగులు, అంటే 48 అంగుళాలు. సెకనుకి 6 అంగుళాలు మునిగే లైన్ అడుగుకి చేరడానికి 8 సెకన్లు. ఏరు సెకనుకి 3 అడుగుల వేగంతో పారుతుంటే ఆ 8 సెకన్లలో ఫ్లై 24 అడుగులు కిందికి కొట్టుకుపోతుంది. కాబట్టి చేప ఉందనుకున్న బండకి ఎదురుగా కాదు, దానికి 24 అడుగులు ఎగువన విసరాలి. పడగానే లాగకుండా, లైన్‌ని ఒకసారి ఎగువకి తిప్పి వదులు ఇచ్చి లెక్కపెట్టండి.

అసలు నీళ్ళలో సుళ్ళు పైకి ఎత్తుతుంటాయి కాబట్టి లెక్క కన్నా ఒకటి రెండు సెకన్లు ఎక్కువే పడుతుంది. 8 లెక్కపెట్టి లాగండి, తర్వాత 10, తర్వాత 12. ఎప్పుడో ఒకసారి ఫ్లై రాయికి తగులుతుంది, లేదా హుక్‌కి నాచు వస్తుంది. అక్కణ్ణుంచి ఒక సెకను తగ్గించండి, అదే మీ లోతు. గంటసేపు విసిరినా ఒక్కసారి కూడా నాచు రాలేదంటే మీరు చేపల నెత్తిమీద వేటాడుతున్నారు.

పడవలోంచి గట్టుకి కొడుతుంటే సంగతి వేరు. నిండుగా పారే ఏట్లో బ్రౌన్‌లు నడి ప్రవాహం వదిలేసి గట్టు పక్కన, పడిపోయిన చెట్ల కిందికి చేరతాయి. అక్కడ ఫ్లై గట్టుకి అడుగు దూరంలో పడాలి, పడిన వెంటనే లాగాలి. రెండడుగుల దూరంలో పడినా చాలాసార్లు వృథానే.

ఎలా లాగాలి? ఎంత వేగంగా?

రాడ్ కొనని నీళ్ళకి ఆనించి, లైన్ వైపే చూపిస్తూ పెట్టండి. కొన అడుగు ఎత్తులో ఉందంటే, అడుగు లైన్ వదులుగా వేలాడుతోందన్నమాట. మీరు లాగిన జానెడూ ఆ వదులులోనే పోతుంది.

ముందుగా ఈ వరస ప్రయత్నించండి: జానెడు, జానెడు, ఆగు. ఆగడం అంటే ఒక సెకను. చేప కొట్టే దెబ్బల్లో సగం ఆ ఆగినప్పుడే తగులుతాయి. నీళ్ళు బాగా చల్లగా ఉన్నప్పుడు బెత్తెడు చొప్పున నెమ్మదిగా, రెండు సెకన్లు ఆపుతూ లాగండి. వెచ్చగా, మబ్బుగా ఉన్నప్పుడు మూరెడు చొప్పున వేగంగా. పది విసుర్లకి ఏమీ కాకపోతే ఫ్లై మార్చకండి, లాగే తీరు మార్చండి.

అడ్డంగా లాగడం మరచిపోకండి. ఏటికి అడ్డంగా వచ్చే ఫ్లై తన పక్క మొత్తం చేపకి చూపిస్తుంది. చేపకి ఎదురుగా దూసుకొచ్చే చిన్న చేపలు ఏట్లో ఉండవు. తనమీదికి వచ్చే ఎరని చూసి ట్రౌట్ పారిపోవడమే ఎక్కువ.

దెబ్బ తగిలింది, చేప పడలేదు. ఎందుకు?

రాడ్ పైకి ఎత్తారు కాబట్టి. పురుగు ఫ్లైలకి అలవాటుపడ్డ చెయ్యి చేసే పని ఇది. రాడ్ ఎత్తితే మెత్తని కొన వంగి బలమంతా మింగేస్తుంది, ఫ్లై కూడా చేప నోటి ముందునుంచి ఎగిరిపోతుంది. దెబ్బ తగలగానే రాడ్ కదపకుండా, లైన్ పట్టుకున్న చేత్తో మూరెడు గట్టిగా లాగండి. చేప దొరికితే ముల్లు దిగుతుంది. దొరక్కపోతే ఫ్లై ఇంకా దాని ముందే ఉంటుంది, తిరిగి కొట్టే అవకాశం ఉంటుంది. ముల్లు దిగాక అప్పుడు రాడ్ ఎత్తండి.

అయినా జారిపోతుంటే హుక్ కొనని గోటిమీద గీకి చూడండి. జారిందంటే మొద్దుబారింది, చిన్న ఆకురాయితో పదును పెట్టండి. రాళ్ళకి తగిలే ఫ్లైకి ఇది గంటకోసారి చేయాల్సిన పని.

చేప వెంటపడి వచ్చి, పడవ దగ్గర తిరిగి వెళ్ళిపోతోంది.

అది వస్తున్నప్పుడు మీరు భయపడి లాగడం ఆపేస్తున్నారు. ప్రాణభయంతో పరిగెత్తే చేప వెనక ఎవరొస్తున్నారో చూడ్డానికి ఆగదు. వేగం పెంచండి, చివరి బారెడులో దిశ మార్చండి. తిరిగి వెళ్ళిపోతే ఆ చోటుకి ఐదు నిమిషాలు విశ్రాంతినిచ్చి, చిన్నదీ ముదురు రంగుదీ అయిన ఫ్లైతో వేరే కోణంలోంచి విసరండి.

ఏ ఫ్లైలు, ఏ రంగులు పెట్టెలో ఉండాలి?

ఐదు చాలు. ఆలివ్, నలుపు వూలీ బగ్గర్లు 6 నంబరు హుక్ మీద. తెల్లటి జోంకర్, అంటే కుందేలు తోలు పీలిక కట్టింది. స్కల్పిన్ ఆకారంలో పెద్ద తల ఉన్నది ఒకటి. మధ్యలో కీలు ఉండి రెండు హుక్‌లతో 5 అంగుళాలు ఉండేది ఒకటి.

స్కల్పిన్ అంటే ఈ ఏటి అడుగున ఉండే చిన్న చేప. దానికి గాలితిత్తి ఉండదు, మన ఇసుక దొందులా అడుగుని కరుచుకుని ఉంటుంది. అందుకే స్కల్పిన్ ఫ్లైని మధ్య నీళ్ళలో ఈదించడం వృథా.

రంగు విషయంలో నీళ్ళు తేరి ఉంటే ఆలివ్ లేదా తెలుపు, బురదగా ఉంటే నలుపు. మూడడుగుల లోతున రాళ్ళు కనపడుతుంటే తేరినట్టే లెక్క. ఇంతకు మించి రంగుల మీద ఆలోచన షాపువాడికి లాభం.

వూలీ బగ్గర్ ఇంట్లో కట్టుకోవడం ఎలా?

1967లో పెన్సిల్వేనియాకి చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ కట్టిన ఫ్లై ఇది. మొదట నేర్చుకోవాల్సింది కూడా ఇదే. కావాల్సినవి: 6 నంబరు పొడవు కాడ హుక్, 6/0 దారం, సీసం లేని 0.020 అంగుళాల తీగ, మెత్తటి మారబూ ఈక, బొచ్చుగా ఉండే షెనీల్ దారం, కోడి మెడ లేదా నడుం ఈక, సన్నని రాగి తీగ.

ముందు హుక్‌ని వైజులో బిగించి, కాడ మధ్యలో బరువు తీగ 15 చుట్లు చుట్టండి. కంటి (హుక్‌కి తంగుసు దూర్చే రంధ్రం) వెనక రెండు కంటి పొడవులంత ఖాళీ వదలండి. దారంతో తీగని కప్పి వెనక్కి వెళ్ళండి. ఒక మారబూ ఈకని తడిపి, కాడ పొడవంత తోకగా కట్టండి. తడపకపోతే గాలికి లేచి, కట్టేది కనపడదు. అక్కడే రాగి తీగ, షెనీల్ కట్టండి. షెనీల్‌ని ముందుకి చుట్టుకుంటూ వచ్చి, కంటి వెనక కట్టి తెంచండి. ముందు భాగంలో కోడి ఈకని కట్టి, ఐదారు చుట్లలో వెనక్కి తీసుకెళ్ళండి. ఇప్పుడు రాగి తీగని ఈకకి ఎదురు దిశలో చుడుతూ ముందుకి తెచ్చి కట్టండి. ఈ ఎదురు చుట్టే ఈకని కాపాడేది. లేకపోతే మొదటి చేప పళ్ళకే ఊడిపోతుంది. విప్ ముడి వేసి జిగురు చుక్క పెడితే అయిపోయింది.

తప్పులు మూడే వస్తాయి. తల దగ్గర ఖాళీ చాలక కన్ను మూసుకుపోతుంది, తంగుసు దూరదు. తోక కాడకన్నా పొడవైతే విసిరినప్పుడు హుక్ వంపుకి చుట్టుకుని ఫ్లై గిరగిరా తిరుగుతుంది. ఈక పోగులు హుక్ వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటితే నీళ్ళలో గొడుగులా విచ్చుకుని మునగదు.

బరువైన ఫ్లై తలకి తగులుతోంది. ఎలా విసరాలి?

వెనక్కీ ముందుకీ ఒకే దారిలో విసురుతున్నారు. వెనక్కి పక్కనుంచి, ముందుకి నెత్తిమీదుగా, కోడిగుడ్డు ఆకారంలో తిప్పండి. లైన్ ఎప్పుడూ బిగువు తప్పదు. మునిగిన లైన్‌ని నీళ్ళలోంచి ఒక్కసారే పీకకండి. ముందు రోల్ కాస్ట్‌తో, అంటే వెనక్కి విసరకుండా లైన్‌ని ముందుకి దొర్లించి, పైకి తెచ్చి, తర్వాత ఒకే ఒక్క వెనక విసురు, వదలడం. గాల్లో నాలుగుసార్లు ఊపడం అందానికి తప్ప పనికి రాదు. టోపీ, కళ్ళద్దాలు తప్పనిసరి, ఫ్లైకి రెండు హుక్‌లున్నప్పుడు మరీ.

ఫ్లై రాడ్ లేదు, స్పిన్నింగ్ రాడ్ ఉంది. ఏ లూర్లు వాడాలి?

సిగ్గుపడాల్సిన పని లేదు. చేపకి మీ చేతిలో ఏ రాడ్ ఉందో తెలియదు. ఆరున్నర అడుగుల లైట్ రాడ్, 6 పౌండ్ల తంగుసు తీసుకోండి.

ఈ ఏట్లో ఎక్కువ పనిచేసేది మారబూ జిగ్, అంటే బరువు తలకి మారబూ ఈక కట్టిన హుక్: 1/16 లేదా 1/8 ఔన్సు, అంటే 1.8 లేదా 3.5 గ్రాములు. ఎగువకి అడ్డంగా విసిరి, అడుగు తగలనిచ్చి, రాడ్ కొనతో జానెడు ఎత్తి, తంగుసు బిగువుగా ఉంచుతూ పడనివ్వండి. దెబ్బ పడుతున్నప్పుడే తగులుతుంది. తంగుసు ఉలిక్కిపడినా, ఉన్నట్టుండి వదులైనా లాగండి.

స్పిన్నర్ కూడా 1/8 ఔన్సుదే. దాని రేకు తిరుగుతున్నట్టు రాడ్‌లో సన్నటి వణుకు తెలియాలి. ఎగువకి విసిరినప్పుడు ఏటి వేగం కన్నా కాస్త వేగంగా చుట్టకపోతే రేకు తిరగదు, బరువుగుండులా వస్తుంది. తంగుసు మెలిపడకుండా లూర్‌కి రెండడుగుల పైన చిన్న స్వివెల్ (గిరగిరా తిరిగే కీలు) కట్టండి.

పెద్ద బ్రౌన్‌ల కోసం చేప ఆకారపు జెర్క్‌బైట్లు, 3 నుంచి 4 అంగుళాలవి. రాపాలా కౌంట్‌డౌన్ లాంటి మునిగే రకం సెకనుకి సుమారు అడుగు చొప్పున దిగుతుంది, పైన చెప్పిన లెక్క దీనికి ఇంకా తేలిక. రెండు కుదుపులు, ఆపడం. స్ట్రీమర్ లాగడం ఎలాగో ఇదీ అంతే.

మూడు కొనల హుక్‌లు తీసేసి ఒంటి హుక్ వేసుకోండి, హుక్ కొన పక్కనుండే ఎదురు ముల్లుని పట్టకారుతో నొక్కేయండి. వదిలేసే చేపకీ మంచిది, నాచు కూడా తక్కువ పట్టుకుంటుంది.

స్పిన్నర్‌ని ఫ్లై రాడ్‌కి కట్టొచ్చా?

వద్దు. ఫ్లై రాడ్ లైన్ బరువుని విసురుతుంది, స్పిన్నింగ్ రాడ్ లూర్ బరువుని విసురుతుంది. లోహపు స్పిన్నర్ ఫ్లై రాడ్‌కి తగిలితే రాడ్ పగలొచ్చు. తిరగేసి చేయొచ్చు: స్పిన్నింగ్ తంగుసుకి నీళ్ళు నింపుకునే ప్లాస్టిక్ బుడగ కట్టి, దానికి మూడడుగుల వెనక వూలీ బగ్గర్ కట్టుకోవచ్చు.

చలికాలం తెల్లటి ఫ్లైల గోల ఏమిటి?

బుల్ షోల్స్ జలాశయంలో థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే వెండిరంగు చిన్న చేప గుంపులుగా ఉంటుంది, మన పులసకి దూరపు చుట్టం. నీళ్ళు 7 డిగ్రీల కిందికి పోతే అది తట్టుకోలేదు. నీరసించినవీ, చచ్చినవీ టర్బైన్ల గుండా కిందికి వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇది జరిగితే డ్యామ్ కింద ట్రౌట్‌కి పెళ్ళి భోజనమే. అన్ని ఏళ్ళూ జరగదు. జరిగిందని గుర్తు: డ్యామ్ దగ్గర కొంగలు, గద్దలు పోగవుతాయి. అప్పుడు మాత్రం పైన చెప్పినదంతా మరచిపోండి. బరువు లేని తెల్లటి ఫ్లైని లాగకుండా చచ్చిన చేపలా తేలనివ్వండి.

మిగతా రోజుల్లో ఎప్పుడు వెళ్ళాలి?

మబ్బు, చినుకు, తెల్లవారుజాము. నీటిమట్టం పెరగడం మొదలైన మొదటి గంటలో పెద్ద చేపలు కదులుతాయి, పడవలో ఉంటే అదే మంచి సమయం. సెప్టెంబరు, అక్టోబరుల్లో గుడ్లకి ముందు మగ బ్రౌన్‌లు ఊరికే కోపంతో కొడతాయి. అయితే ఆ కాలంలో జలాశయం అడుగు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి, పడిన చేపని త్వరగా తెచ్చి త్వరగా వదలాలి.

నవంబరు, డిసెంబరుల్లో అడుగున తోమినట్టు తెల్లగా కనపడే గులకరాళ్ళ గుంతలు గుడ్ల గూళ్ళు. వాటిమీద నడవకండి, వాటిమీదున్న చేపకి విసరకండి.

నీళ్ళలో దిగి నిలబడటం ప్రమాదమా?

డ్యామ్‌లో 8 జనరేటర్లున్నాయి. కరెంటు అవసరాన్ని బట్టి నడుపుతారు. మోకాలి లోతు నీళ్ళు కొద్దిసేపట్లోనే తల దాటగలవు. డ్యామ్ దగ్గర సైరన్ మోగుతుంది, కానీ దిగువన కొన్ని మైళ్ళు పోయాక అది వినపడదు, నీళ్ళు మాత్రం గంటల తర్వాత వస్తాయి. బయల్దేరేముందు సౌత్‌వెస్టర్న్ పవర్ అడ్మినిస్ట్రేషన్ ఇచ్చే మర్నాటి జనరేషన్ షెడ్యూలు (ఏ గంటలో ఎంత కరెంటు తీస్తారో చెప్పే పట్టిక) చూడండి. అది అంచనా మాత్రమే, మారొచ్చు.

దిగగానే నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకోండి. అది మునిగినా, నీళ్ళలో ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొచ్చినా అదే క్షణం గట్టుకి వచ్చేయండి. అవతలి గట్టుకి కాదు, కారు ఉన్న గట్టుకి. వేడర్లకి (నీళ్ళలో దిగడానికి వేసుకునే తడవని తొడుగు) నడుం బెల్టు బిగించండి, లేకపోతే పడినప్పుడు కాళ్ళలోకి నీళ్ళు నిండుతాయి. బూట్లకి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి) అడుగు ఉండకూడదు. ఒక ఏటి నాచుని మరో ఏటికి మోస్తుందని ఆర్కన్సా ట్రౌట్ నీళ్ళలో 2012 నుంచి నిషేధం. మేకులున్న రబ్బరు అడుగు వాడండి.

లైసెన్స్?

16 ఏళ్ళు నిండినవాళ్ళకి ఆర్కన్సా గేమ్ అండ్ ఫిష్ కమిషన్ ఇచ్చే ఫిషింగ్ లైసెన్సు, దానితోపాటు ట్రౌట్ పర్మిట్ రెండూ కావాలి. టెక్సస్ లైసెన్సు ఇక్కడ చెల్లదు. డ్యామ్ కింద కొన్ని చోట్ల పట్టి వదలడమే తప్ప ఉంచుకోకూడదు, ముల్లులేని హుక్‌లే వాడాలి. హద్దులు, కొలతలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నియమాల పుస్తకం ఫోన్‌లో పెట్టుకోండి.

చేపని వదలడం సరిగ్గా ఎలా?

చేతులు తడుపుకోండి. పొడి చెయ్యి దాని ఒంటి జిగురుని తీసేస్తుంది, ఆపైన బూజు పడుతుంది. రబ్బరు వలలో, నీళ్ళలోనే ఉంచి హుక్ తీయండి. ఫోటోకి పది సెకన్లు. మొప్పల్లో వేళ్ళు పెట్టొద్దు. ఎగువకి తల పెట్టి పట్టుకుని, దానంతటదే మీ చేతిలోంచి తన్నుకుని పోయేవరకు ఆగండి.

ట్రౌట్ పులుసు బాగుంటుందా?

ఉంచుకోవడానికి అనుమతి ఉన్నచోట రెయిన్‌బోలు తెచ్చుకోండి, బ్రౌన్‌ని వదిలేయండి. పులుసుకి మాత్రం ఇది కొరమీను కాదు. మాంసం మెత్తన, గరిట పెడితే విడిపోతుంది. పొలుసు చాలా సన్నం, తీయనక్కర్లేదు. తోలుతోనే గాట్లు పెట్టి, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేపుకుంటే దాని రుచి నిలుస్తుంది.

ఇండియాలో ఇలా పట్టొచ్చా?

కశ్మీర్‌లో లిద్దర్, హిమాచల్‌లో తీర్థన్ లాంటి ఏర్లలో బ్రిటిష్ కాలం నుంచీ బ్రౌన్ ట్రౌట్ ఉంది. అక్కడి మత్స్యశాఖ పర్మిట్ తీసుకోవాలి. హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ట్రౌట్ వేట బంద్. అవి చిన్న ఏర్లు, 6 వెయిట్ రాడ్, తేలే లైన్, 2 అంగుళాల వూలీ బగ్గర్ చాలు. దక్షిణాదిలో నీలగిరుల్లో, మున్నార్ ఎత్తుల్లో రెయిన్‌బో ఉంది. తెలుగు నేలమీద ఏడాదంతా అంత చల్లగా ఉండే ఏరు లేదు, లంబసింగి మంచు దానికి చాలదు. అయితే కొరమీను, పండుగప్ప కూడా చిన్న చేపల్ని తరిమి తినేవే. జానెడు, జానెడు, ఆగు అనే వరస వాటి దగ్గరా పనిచేస్తుంది. పండుగప్పకి మాత్రం 20 పౌండ్లకన్నా తక్కువ తంగుసు కట్టకండి, దాని మొప్ప అంచు కత్తిలా కోస్తుంది.